మన అభిప్రాయం పంపితే ఎవరైనా చదువుతారా?

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. కేంద్రం ఏదైనా ముసాయిదా బిల్లు పెట్టి "సూచనలు పంపండి" అన్నప్పుడు మనం పంపేది నిజంగా ఎవరైనా చదువుతారా అన్నది మొదటిది. ఐర్లాండ్‌లో చేసినట్టు మామూలు జనాన్ని కూర్చోబెట్టి పెద్ద విషయాలు తేల్చడం మన దేశంలో కుదురుతుందా అన్నది రెండోది. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. ముసాయిదాలను తెలుగులోకి మార్చి ఊళ్లలో చదివి వినిపిస్తాం, జనం చెప్పింది రాసి ఢిల్లీకి పంపుతాం, బహిరంగ విచారణలకు వెళ్తాం. అందుకే కాస్త పొడుగ్గానే చెబుతాను.

మొదటి దానికి నా జవాబు: కొన్నిచోట్ల చదువుతారు, కొన్నిచోట్ల లెక్కపెడతారు, కొన్నిచోట్ల రెండూ జరగవు. ఎక్కడ ఏది జరుగుతుందో ముందే పసిగట్టడానికి నేను ఒక్కటే చూస్తాను. "మీరు ఇలా అన్నారు, మేం ఇలా నిర్ణయించాం, కారణం ఇదీ" అని చివర్లో రాసి ఇవ్వాల్సిన బాధ్యత ఎవరి మీదైనా ఉందా? ఉంటే చదువుతారు. చదవకుండా జవాబు రాయలేరు కదా.

మన రెండు రాష్ట్రాల్లో దీనికి మంచి ఉదాహరణ కరెంటు చార్జీలు. 2003 విద్యుత్ చట్టంలో 64వ సెక్షన్ ఉంది. కరెంటు పంపిణీ కంపెనీలు (డిస్కంలు) చార్జీల ప్రతిపాదన దాఖలు చేశాక అది పేపర్లో ప్రకటించాలి, జనం పంపిన సూచనలూ అభ్యంతరాలూ అన్నీ పరిశీలించాకే విద్యుత్ నియంత్రణ మండలి 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. మీరు ఒక కాగితం మీద తెలుగులో రాసి పంపినా చాలు. డిస్కం దానికి జవాబు ఇస్తుంది. విచారణ రోజు వెళ్లి మాట్లాడవచ్చు. ఆ తర్వాత వచ్చే టారిఫ్ ఉత్తర్వు తెరిచి చూడండి. అభ్యంతరం ఏమిటి, డిస్కం ఏమంది, మండలి ఏమనుకుంది అని వరసగా ఉంటుంది. రైతు సంఘాల వాళ్లు, చిన్న పరిశ్రమల వాళ్లు, రిటైరైన ఇంజినీర్లు ఏటా ఓపిగ్గా వచ్చి లెక్కలు అడుగుతారు. వాళ్లు అడిగిందంతా జరగదు. కానీ అడిగింది గాలికి పోదు, కాగితం మీద నిలబడుతుంది. వచ్చే ఏడాది అదే కాగితం చూపించి మళ్లీ అడగవచ్చు.

ఇప్పుడు దీనికి ఎదురుగా ఇంకోటి పెట్టి చూడండి. ఫ్యాక్టరీలకూ గనులకూ పర్యావరణ అనుమతి ఇచ్చేముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ మీరు చూసే ఉంటారు. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టర్ గానీ ఆయన తరఫున అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి, అంతా వీడియో తీయాలి, చివర్లో మినిట్స్‌ను, అంటే సభలో జరిగినదాని రాతను, స్థానిక భాషలో చదివి వినిపించాలి. రాతలో చాలా మంచి పద్ధతి. నేను వెళ్లిన అలాంటి ఒక సభలో ఒక పెద్దావిడ లేచి, ఫలానా చెరువు అలుగు పారితే నీళ్లు ఏ వాగులోంచి ఏ పొలాలకు పోతాయో చేత్తో చూపిస్తూ చెప్పింది. ఫ్యాక్టరీ గోడ సరిగ్గా ఆ దారికి అడ్డంగా వస్తుందని, ఆ తర్వాత తమ ఊరి బోర్లు ఎండుతాయని వివరించింది. పది నిమిషాలు మాట్లాడింది. ఇంజినీర్లు తయారుచేసిన ఇంగ్లిష్ నివేదికలో ఆ వాగు లేనే లేదు. తర్వాత మినిట్స్ తెప్పించుకుని చూస్తే ఆ పది నిమిషాలూ ఒక్క వాక్యం అయ్యాయి: "నీటి విషయమై కొందరు ఆందోళన వ్యక్తం చేశారు." పక్కన కంపెనీ జవాబు: "తగు జాగ్రత్తలు తీసుకుంటాం." ఆ సభ గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది. ఆమె ఆందోళన వ్యక్తం చేయలేదు, సమాచారం ఇచ్చింది. దేశంలో ఇంకెవరి దగ్గరా లేని సమాచారం. జనాన్ని సంప్రదించడమంటే వాళ్ల కోపం చల్లార్చడం అనుకునే అధికారులు చాలామంది ఉన్నారు. తమకు తెలియనిది జనం దగ్గర తెలుసుకోవడం అనుకునేవాళ్లు తక్కువ.

ఇక కేంద్ర చట్టాల సంగతి. 2014 జనవరిలో కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కార్యదర్శుల కమిటీ ఒక విధానం ఖరారు చేసింది. ఏ బిల్లునైనా కేబినెట్‌కు తీసుకెళ్లే ముందు ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలి. ఎందుకు తెస్తున్నారో, ఎంత ఖర్చో, పర్యావరణం మీద, ప్రాథమిక హక్కుల మీద, బతుకుతెరువు మీద ఏ ప్రభావం ఉంటుందో మామూలు భాషలో చెప్పాలి. వచ్చిన అభిప్రాయాల సారాంశం వెబ్‌సైట్‌లో పెట్టాలి. చదివితే ఎంతో ముచ్చటేస్తుంది. కానీ ఇది చట్టం కాదు, పరిపాలనా ఆదేశం మాత్రమే. కారణం రాసుకుని పక్కనపెట్టే వెసులుబాటు శాఖలకు ఉంది, వాళ్లు దాన్ని ధారాళంగా వాడుకున్నారు. 2020 జూన్‌లో ఆర్డినెన్సులుగా వచ్చి సెప్టెంబరులో చట్టాలైన మూడు వ్యవసాయ చట్టాలకు ఈ 30 రోజుల చర్చ జరగలేదు. పార్లమెంటు స్థాయీ సంఘానికీ వెళ్లలేదు. చర్చ జరిగింది, కాకపోతే చట్టం అయ్యాక ఢిల్లీ సరిహద్దుల్లో రోడ్ల మీద, ఏడాదికి పైగా. 2021 నవంబరులో వాటిని వెనక్కి తీసుకున్నారు. ఆ చట్టాలు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. వాటిని మంచివని నమ్మేవాళ్లు కూడా ఆలోచించాల్సిన విషయం ఏమిటంటే, ముందు నెల రోజులు జనంతో మాట్లాడి ఉంటే వాటిలో కొంతైనా మిగిలేదేమో.

టైమ్ లేదనే మాట తరచూ వింటాం. 2012 డిసెంబరు నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీకి దాదాపు 80 వేల సూచనలు వచ్చాయి. 29 రోజుల్లో నివేదిక ఇచ్చారు. మనసుంటే టైమ్ దొరుకుతుంది.

కేంద్రం స్థాయిలో బాగా జరిగినవి అడుగుతారేమో, రెండు చెబుతాను.

ఒకటి బీటీ వంకాయ, అంటే పురుగును తట్టుకునేలా జన్యువులు మార్చిన వంకాయ. 2009 అక్టోబరులో కేంద్ర నిపుణుల కమిటీ అనుమతి ఇచ్చేసింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ వెంటనే సంతకం పెట్టకుండా 2010 జనవరి, ఫిబ్రవరిలో ఏడు నగరాల్లో సభలు పెట్టారు. హైదరాబాద్ వాటిలో ఒకటి. అన్నీ కలిపి సుమారు 8 వేల మంది వచ్చారు. హైదరాబాద్ సభకు నేనూ వెళ్లాను. ప్రశాంతంగా జరిగిందని చెప్పను, కేకలు, వాగ్వాదాలు అన్నీ ఉన్నాయి. అరిచినవాళ్ల మాటే నెగ్గిందని కొందరు శాస్త్రవేత్తలు తర్వాత విమర్శించారు. ఆ విమర్శలో కొంత నిజముంది, పెద్ద హాల్లో మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే రాజ్యం. అయినా నేను దీన్ని మంచి ఉదాహరణ అనడానికి కారణం ఆ తర్వాత జరిగింది. ఫిబ్రవరి 9న దాన్ని ప్రస్తుతానికి ఆపేస్తూ మారటోరియం ప్రకటించినప్పుడు మంత్రి తన కారణాలన్నీ రాసి బయటపెట్టారు. ఏ రాష్ట్రం ఏమంది, అనుకూల శాస్త్రవేత్తలు ఏమన్నారు, వ్యతిరేకులు ఏమన్నారు, తాను ఎటు మొగ్గారు, ఎందుకు, అన్నీ. ఆ నిర్ణయం తప్పనుకునేవాళ్లకు కూడా ఏ వాక్యంతో పేచీ పెట్టుకోవాలో తెలిసింది.

రెండోది నెట్ న్యూట్రాలిటీ, అంటే ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ కంపెనీలు ఒకేలా చూడాలన్న సూత్రం. 2015 మార్చిలో కేంద్ర టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 118 పేజీల సంప్రదింపు పత్రం, 20 ప్రశ్నలు పెట్టింది. మామూలు మనిషి దాన్ని చదవడం కష్టం. కొందరు వాలంటీర్లు కూర్చుని ఆ ఇరవై ప్రశ్నలకూ జవాబుల నమూనా రాసి జనానికి అందించారు. పది లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లాయి. అదే ఏడాది చివర్లో డేటా ధరల మీద ఇంకో పత్రం వచ్చినప్పుడు ఫేస్‌బుక్ కూడా కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా ఇచ్చే తన ఫ్రీ బేసిక్స్ కోసం లక్షల మంది చేత రెడీమేడ్ మెయిళ్లు పంపించింది. ట్రాయ్ వాటి గురించి ఏమందో గుర్తుపెట్టుకోండి: మేం అడిగిన ప్రశ్నలకు ఇవి జవాబులు కావు అంది. 2016 ఫిబ్రవరి 8న వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధిస్తూ నిబంధనలు వచ్చాయి, కారణాల వివరణతో సహా. రెండు వైపులా నమూనా మెయిళ్లే, రెండు వైపులా లక్షల్లోనే. తేడా అంతా అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడంలో ఉంది.

ట్రాయ్ ఇలా పనిచేయడం ఒక చైర్మన్ మంచితనం వల్ల కాదు. పారదర్శకంగా పనిచేయాలని దాని చట్టంలోనే రాసి ఉంది. 2016 మేలో కాల్ డ్రాప్ (మాట్లాడుతుండగా ఫోన్ తెగిపోవడం) పరిహారం కేసులో ట్రాయ్ నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేస్తూ, నిబంధనలు చేసేముందు జనం అభిప్రాయాలు తీసుకుని, వాటికి కారణాలతో జవాబు చెప్పే పద్ధతిని పార్లమెంటు చట్టంగా తెస్తే బాగుంటుందని సూచించింది. అలాంటి చట్టం ఇంకా రాలేదు. ఈ రంగంలో నన్ను ఒక్క కోరిక కోరుకోమంటే అదే అడుగుతాను.

లెక్కపెట్టడం గురించి ఒక మాట. జమిలి ఎన్నికలపై మాజీ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ కమిటీ 2024 జనవరి 5న ప్రకటన ఇచ్చి 15 లోగా సూచనలు పంపమంది. 21,558 వచ్చాయి, 80 శాతానికి పైగా అనుకూలం అన్నారు. ఉమ్మడి పౌరస్మృతి మీద 2023లో లా కమిషన్ అడిగితే దాదాపు 75 లక్షలు వచ్చాయి. ఈ అంకెలు చూసి "దేశం ఇలా అనుకుంటోంది" అనుకోవద్దు. ఎవరికి వార్త చేరిందో, ఎవరికి ఇంటర్నెట్, ఇంగ్లిష్ లేదా హిందీ ఉన్నాయో, ఎవరి వెనక సంఘం ఉందో వాళ్లు పంపుతారు. అది తప్పేమీ కాదు. కానీ అది ఓటింగ్ కాదు. పది వేల మంది "సరే" అన్న మాట కంటే ఆ పెద్దావిడ చెప్పిన వాగు దారి విలువైన అభిప్రాయం. శాతాలు తీసే యంత్రంలో ఆ వాగు కనిపించదు.

భాష గురించి కూడా చెప్పాలి. 2020లో పైన చెప్పిన పర్యావరణ నోటిఫికేషన్‌ను మార్చడానికి కొత్త ముసాయిదా తెచ్చారు. ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు గడువును 30 నుంచి 20 రోజులకు తగ్గించడం అందులో ఒక అంశం. లాక్‌డౌన్‌లో, ఇంగ్లిష్‌లో, హిందీలో మాత్రమే పెట్టారు. రాజ్యాంగంలోని 22 భాషల్లోకీ అనువదించి ప్రచారం చేయాలని, గడువు పొడిగించాలని ఆ ఏడాది జూన్ 30న ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కేంద్రం దాన్ని సవాలు చేసింది. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో గనుల పక్కన బతికేవాళ్ల హక్కును మార్చే కాగితం వాళ్ల భాషలో ఉండాలని కోర్టు చెప్పాల్సి రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

రహస్యం మాట కూడా వదలకూడదు. డేటా రక్షణ బిల్లు ముసాయిదా 2022 నవంబరులో పెట్టినప్పుడు, వచ్చిన అభిప్రాయాలను బయటపెట్టబోమని ప్రభుత్వం ముందే చెప్పింది. జనం నిర్భయంగా రాయడానికట. మామూలు మనిషి పేరు దాచడం సరైనదే, 2015లో ట్రాయ్ లక్షల మంది మెయిల్ ఐడీలతో సహా బయటపెట్టి విమర్శల పాలైంది. కానీ పెద్ద కంపెనీలు ఏం అడిగాయో కూడా దాచడం వేరు. తెలుగువాళ్లకు దీని చేదు బాగా తెలుసు. 2010లో రాష్ట్ర విభజన మీద శ్రీకృష్ణ కమిటీ అన్ని ప్రాంతాలూ తిరిగింది, అందరినీ కలిసింది, కుప్పలకొద్దీ వినతిపత్రాలు తీసుకుంది, ఆరు ప్రత్యామ్నాయాలతో వివరమైన నివేదిక ఇచ్చింది. ఎనిమిదో అధ్యాయాన్ని మాత్రం సీల్డ్ కవర్లో హోంశాఖకు ఇచ్చింది. తర్వాత జనం మాట్లాడుకున్నది ఆ ఒక్క అధ్యాయం గురించే. మిగతా నివేదికలో పడ్డ కష్టమంతా ఆ కవర్ కింద పడిపోయింది.

ఇప్పుడు ఐర్లాండ్. అక్కడ 2012లో వంద మందితో రాజ్యాంగ సదస్సు పెట్టారు. 66 మంది మామూలు పౌరులు, 33 మంది చట్టసభల సభ్యులు, ఒక అధ్యక్షుడు. వాళ్లు సిఫారసు చేసిన వాటిలో స్వలింగ వివాహం 2015 మేలో రెఫరెండానికి, అంటే జనం నేరుగా వేసే ఓటుకు, వెళ్లి 62 శాతంతో నెగ్గింది. 2016లో ఇంకో సభ, ఈసారి రాజకీయ నాయకులు లేకుండా 99 మంది పౌరులు, అధ్యక్షురాలిగా సుప్రీంకోర్టు న్యాయమూర్తి మేరీ లఫోయ్. గర్భస్రావ నిషేధం గురించి వాళ్లు అయిదు వారాంతాలు కూర్చున్నారు. డాక్టర్ల మాట, లాయర్ల మాట, అటు ఇటు ఉద్యమకారుల మాట, స్వయంగా అనుభవించిన స్త్రీల మాట విన్నారు. చిన్న చిన్న బల్లల చుట్టూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ చర్చ దేశంలో రగలడానికి ఒక కారణం మన పక్క రాష్ట్రం అమ్మాయే. బెళగావికి చెందిన దంత వైద్యురాలు సవిత హలప్పనవర్ 2012 అక్టోబరులో గాల్వేలో గర్భస్రావం నిరాకరించడంతో చనిపోయింది. 2018 మే 25న 66.4 శాతం ఓట్లతో నిషేధం పోయింది.

గమనించాల్సింది ఏమిటంటే, 99 మంది తేల్చేయగానే చట్టం మారిపోలేదు. సభ సిఫారసు పార్లమెంటు కమిటీకి వెళ్లింది, కమిటీ నివేదిక ఇచ్చింది, పార్లమెంటు బిల్లు పెట్టింది, చివరికి జనం ఓటేశారు. ఒక్కొక్కరూ తమ ముందు మెట్టు మీద ఉన్నవాళ్లకు జవాబు చెప్పారు. ఆ గొలుసు తెగితే ఏమవుతుందో కూడా అక్కడే తెలుసుకోవచ్చు. లింగ సమానత్వం మీద ఇంకో పౌరసభ సిఫారసు చేస్తే, ఇంట్లో సంరక్షణ పని గురించి సభ కోరిన గట్టి మాటను ప్రభుత్వం పలచన చేసి 2024 మార్చిలో రెఫరెండానికి పెట్టింది, చిత్తుగా ఓడిపోయింది. ఫ్రాన్స్‌లో 2019లో లాటరీతో ఎంపికైన 150 మంది పౌరులు తొమ్మిది నెలలు శ్రమపడి వాతావరణం మీద 149 ప్రతిపాదనలు ఇచ్చారు. వడపోత లేకుండా ముందుకు తీసుకెళ్తానన్న అధ్యక్షుడు మేక్రాన్ తర్వాత కొన్నిటిని పక్కనపెట్టారు, కొన్నిటిని నీరుగార్చారు. చివరికి ఆ పౌరులే సమావేశమై ప్రభుత్వ స్పందనకు పదికి నాలుగు మార్కులు కూడా వేయలేదు.

మన దగ్గర కుదురుతుందా అంటే, మన తెలుగు నేల మీద ఒకసారి జరిగింది. 2001లో, మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం మెకిన్సీ అనే సలహా కంపెనీ సాయంతో విజన్ 2020 అనే అభివృద్ధి ప్రణాళిక రాయించింది. వ్యవసాయం మీద ఆధారపడేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడం అందులో ఒక లక్ష్యం. ఆ లక్ష్యం గురించి రైతులను ఎవరూ అడగలేదు. కొన్ని సంస్థలు కలిసి 19 మందితో 'ప్రజాతీర్పు' అనే జ్యూరీ పెట్టాయి. ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులు, ఎక్కువమంది ఆడవాళ్లు, దళితులు, ఆదివాసీలు. మూడు రకాల భవిష్యత్తులను వీడియోలుగా చూపించారు, చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యేలా. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల వాళ్లు సాక్షులుగా వచ్చి వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పారు. జ్యూరీ విజన్ 2020 దారి వద్దంది. జన్యుమార్పిడి పంటలు, కాంట్రాక్టు సేద్యం, పొలం పనుల్లో జనాన్ని తగ్గించే యంత్రాలు వద్దని, తమ విత్తనం, తమ భూమి, తమ అడవి తమ చేతుల్లో ఉండాలని చెప్పింది. విజన్ 2020కి తోడుగా నిలిచిన బ్రిటన్ సాయం విభాగం వాళ్లు జ్యూరీ ఎంపిక సరిగా లేదని ఆక్షేపించారు, ఇంగ్లండ్‌లో పెద్ద వివాదమే నడిచింది. ఎంపిక మీద ప్రశ్నలు అడగవలసినవే. నేను తర్వాత నివేదిక చదివినప్పుడు నన్ను ఆపింది మాత్రం వాళ్ల ప్రశ్నల పదును. అక్షరం రాని మనిషికి విధానం అర్థం కాదని ఇంకెవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత రాష్ట్రంలో ఎవరి మీదా లేదు. తీర్పు వచ్చింది, ఆగిపోయింది.

కాబట్టి జనాభా 140 కోట్లన్నది అడ్డంకి కాదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి డేగిసా అంతా తినక్కర్లేదు. ఓటరు జాబితా మన దగ్గర ఉంది. చీటీలు తీసి సభ్యులను ఎంచుకోవడం దక్షిణాదికి కొత్త కూడా కాదు, పదో శతాబ్దపు ఉత్తరమేరూరు శాసనంలో కుండలో చీటీలు వేసి తీసే పద్ధతి వివరంగా చెక్కి ఉంది. నిజమైన అడ్డంకులు వేరే. కూలికి వెళ్లే మనిషి అయిదు రోజులు వస్తే ఆ కూలి ఎవరిస్తారు? ఫ్రాన్స్‌లో కోర్టు జ్యూరీకి ఇచ్చినట్టే రోజు భత్యం ఇచ్చారు. ఊరి పెద్ద ఎదురుగా కూర్చున్న బల్ల దగ్గర దళిత మహిళ నోరు విప్పుతుందా? మేం విడివిడిగా కూర్చోబెట్టి మొదలుపెడతాం, మూడో పూటకు గానీ కలపం. అలా చేస్తే మాట్లాడతారు.

ఇక మీరు చేయగలిగింది. ముసాయిదా వస్తే మొత్తం మీద రాయకండి. మీ జీవితానికి తగిలే ఒక్క క్లాజు పట్టుకోండి. దాని నంబరు వేసి, మీ ఊళ్లో అది ఎలా పనిచేస్తుందో రాయండి, బదులు ఏ మాట ఉండాలో మీరే రాసి ఇవ్వండి. తెలుగులో రాస్తే తప్పేం లేదు, కింద ఇంగ్లిష్ సారాంశం నాలుగు లైన్లు పెడితే చదివేవాళ్లకు వీలు. గడువు అయ్యాక అభిప్రాయాల సారాంశం ఎక్కడ పెట్టారని సమాచార హక్కు దరఖాస్తు వేయండి. పది రూపాయల పని. బిల్లు పార్లమెంటు కమిటీకి వెళ్తే ఇంకో అవకాశం వస్తుంది, కమిటీలు పేపర్ ప్రకటన ఇచ్చి వినతులు తీసుకుంటాయి. ఆ అవకాశం మాత్రం తగ్గిపోయింది. 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు కమిటీలకు వెళ్తే, 17వ లోక్‌సభలో 16 వెళ్లాయి. మీ ఎంపీని కలిసినప్పుడు రోడ్డు, రైలుతో పాటు ఇది కూడా అడగండి.

మొదటిసారి అయితే ఢిల్లీతో మొదలుపెట్టకండి. డిస్కంల ప్రతిపాదనలు మామూలుగా శీతాకాలంలో పేపర్లో పడతాయి. మీ ఇంటి బిల్లులోనో, మీ నాన్నగారి మోటారు కనెక్షన్‌లోనో మీకు అన్యాయం అనిపించింది ఒక్కటి తీసుకుని ఒక పేజీ రాయండి. విచారణకు వెళ్లి కూర్చోండి, మీ వంతు రాగానే చెప్పండి. ఉత్తర్వు వచ్చాక మీ అభ్యంతరం ఏ పేజీలో ఉందో వెతికి, దాని కింద ఏం జవాబు రాశారో చదవండి. జవాబు సరిపోకపోతే వచ్చే ఏడాది మొదటి పేరా అదే.